తడి ఉన్నంతసేపే ఆకు పీల్చుకుంటుంది

మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్పి మొదలుపెడతాను. మీ నిమ్మచెట్లకు కొత్త ఆకులు చిన్నవిగా, ఈనెల మధ్య పసుపుగా వస్తున్నాయి. అది జింకు లోపమని తెలిసింది. లీటరు నీటికి 10 గ్రాముల యూరియా, 5 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపారు. పత్రరంధ్రాలు ఎండలోనే తెరుచుకుంటాయని ఎక్కడో చదివి, మధ్యాహ్నం 12 గంటలకు మంచి ఎండలో చెట్ల పైనుంచి స్ప్రే చేశారు. ఆరు రోజులైంది. ఆకుల మీద తెల్లటి మచ్చలు అలాగే ఉన్నాయి, కొన్ని ఆకుల కొనలు గోధుమరంగులో మాడాయి, చెట్టులో మార్పేమీ లేదు. అసలు ఆకు పీలుస్తుందా, ఇదంతా ఉత్తి మాటేనా, మళ్ళీ కొట్టాలా అని అడిగారు.

ఆకు పీలుస్తుందండి, అది ఉత్తి మాట కాదు. ఫ్రాన్స్‌లో యూసెబ్ గ్రిస్ 1840లలోనే పసుపు తిరిగిన ఆకులకు ఇనుప లవణం కలిపిన నీళ్ళు పూసి, అవి మళ్ళీ పచ్చబడటం చూపించారు. 1950లలో అమెరికాలోని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో రేడియోధార్మిక భాస్వరాన్ని ఆకులకు పూసి, అది ఆకులోంచి మొక్కలోని మిగతా భాగాలకు ఎలా చేరుతుందో వెంట పడి చూశారు. మీ స్ప్రే పనిచేసినట్టు కనిపించకపోవడానికి కారణం మరొకటి. పీల్చడానికి ఆకుకు టైమ్ దొరకలేదు. ఆ ఎండలో మీరు కొట్టిన తుంపర కొద్ది నిమిషాల్లోనే ఆరిపోయి ఉంటుంది. నీరు పోయాక మిగిలిన ఉప్పే మీకు కనిపిస్తున్న తెల్లటి మచ్చ. గట్టిపడిన ఉప్పు ఆకులోకి వెళ్ళదు. కరిగి ఉన్నదే వెళ్తుంది. నేను ఈ సమాధానంలో ఏం చెప్పినా చివరికి ఈ ఒక్క విషయం దగ్గరికే వస్తాను.

ముందు ఆకు పైపొర ఎలా ఉంటుందో చూద్దాం. వేరు నీటిని లోపలికి తీసుకోవడానికి ఏర్పడింది. ఆకు పని దానికి పూర్తిగా తిరగేసినది. వెలుతురు కోసం అంత వెడల్పుగా పరుచుకుని, గాలిలో, ఎండలో నిలబడి, ఒంట్లోని నీరు ఆవిరైపోకుండా కాపాడుకోవాలి. అందుకోసం ఆకు బాహ్యచర్మం మీద క్యూటికిల్ అనే పలుచని పూత ఉంటుంది. పాఠ్యపుస్తకాల్లో దీన్ని అవభాసిని అంటారు. దీని మందం మొక్కను బట్టి మైక్రాన్‌లో కొంత భాగం నుంచి పది మైక్రాన్ల పైదాకా ఉంటుంది. మన తలవెంట్రుక సుమారు 70 మైక్రాన్లు ఉంటుందనుకుంటే అది ఎంత పలుచనో తెలుస్తుంది. క్యూటిన్ అనే కొవ్వు ఆమ్లాల అల్లిక ఈ పూతకు ఒళ్ళు. ఆ అల్లిక సందుల్లో మైనం నిండి ఉంటుంది, పైన మళ్ళీ మైనం పేరుకుని ఉంటుంది. నీరు బయటికి పోకుండా అడ్డుపడేది ప్రధానంగా ఈ మైనమే. మైనాన్ని ద్రావకంతో కడిగేస్తే అదే పూతలోంచి నీరు పదుల రెట్లు, ఒక్కోసారి వందల రెట్లు వేగంగా పోతుంది.

ఈ పూతను ఆకు నుంచి విడదీసి చూడొచ్చు. పెక్టినేజ్, సెల్యులేజ్ ఎంజైముల్లో ఆకు ముక్కల్ని కొన్ని రోజులు నానబెడితే కింది కణాల గోడలు కరిగిపోయి, కళ్ళద్దంలా పారదర్శకమైన పొర ఒకటి తేలుతుంది. నేను మొదటిసారి అలా తీసిన పొర నారింజ ఆకు పైభాగానిది. దాని మీద ఒక్క పత్రరంధ్రం కూడా లేదు. చిన్న గాజు గిన్నె మూతికి దాన్ని బిగించి పైన కాల్షియం లవణం చుక్క పెడితే, కొన్ని గంటలకు కింది నీటిలో కాల్షియం కనిపించింది. అప్పటిదాకా నేను కూడా స్ప్రే అంటే రంధ్రాల్లోంచి నీళ్ళు కారి లోపలికి పోవడమే అనుకునేవాణ్ణి. ఆ పొరను చేత్తో పట్టుకున్న రోజు నుంచి ఈ విషయం మీద నాకున్న ఊహ మారిపోయింది.

రంధ్రమే లేని పొరలోంచి ఎలా వెళ్ళింది? దానికి రెండు దారులున్నాయి. నూనెలో కరిగే పదార్థాలు మైనంలోనే కరిగి, అణువు అణువుగా జరుగుతూ అవతలికి చేరతాయి. చాలా పురుగుమందులు, తెగులు మందులు, నూనె రూపంలో తయారుచేసిన కలుపుమందులు ఈ దారిన పోతాయి. జింకు, కాల్షియం, పొటాషియం లాంటి అయాన్లు మైనంలో కరగవు. వాటికోసం క్యూటికిల్‌లో అతి సన్నని నీటి దారులుంటాయి. వాటి వెడల్పు ఒకటి నుంచి కొన్ని నానోమీటర్లు (నానోమీటరంటే మైక్రాన్‌లో వెయ్యో వంతు) మాత్రమే. అవి గొట్టాల్లా ఎప్పుడూ తెరిచి ఉండవు. క్యూటికిల్‌లో నీటిని ఇష్టపడే చిన్న చిన్న భాగాలు తేమ పీల్చి ఉబ్బినప్పుడు ఏర్పడతాయి, పొర ఎండితే మూసుకుపోతాయి. ఈ దారుల గురించి మనకు తెలిసినదానిలో చాలా భాగం జర్మనీకి చెందిన యోర్గ్ షోన్‌హెర్ దశాబ్దాల పాటు చేసిన పని నుంచే వచ్చింది. ఈ దారులు ఆకంతా సమానంగా ఉండవు. పత్రరంధ్రాల పక్కనున్న రక్షక కణాల మీద, నూగు మొదళ్ళ దగ్గర, ఈనెల మీద ఎక్కువ. అందుకే పత్రరంధ్రాలు ఎక్కువున్న వైపు, అవి మూసి ఉన్నా, ఎక్కువ పీలుస్తుంది.

ఇంత సన్నని దారిలో సైజు చాలా ముఖ్యం. యూరియా అణువు చిన్నది, అణుభారం 60, దాని మీద విద్యుదావేశం లేదు. అందుకే అది దాదాపు అన్ని పోషకాల కంటే వేగంగా వెళ్తుంది. తేమ బాగుంటే కొన్ని గంటల్లోనే పూసినదాంట్లో సగం లోపలికి చేరే పంటలున్నాయి. అదే ఇనుము ఈడీటీఏ చెలేట్ (ఇనుమును ఈడీటీఏ అనే పెద్ద అణువు చుట్టి పట్టుకున్న రూపం) అయితే అణుభారం 350 దాకా వస్తుంది, చాలా మెల్లగా వెళ్తుంది, గాలిలో తేమ నిండుగా లేకపోతే దాదాపు ఆగిపోతుంది. చెలేట్ అని డబ్బా మీద రాసి ఉంటే అది ఆకులోకి తప్పకుండా బాగా వెళ్తుందని చాలామంది నమ్ముతారు. నేలలో చెలేట్ చేసే మేలు వేరు. అక్కడ అది ఇనుమును గడ్డకట్టకుండా కాపాడుతుంది. ఆకు మీద ఆ లాభం అన్నిసార్లూ ఉండదు.

ఇంకొక చిన్న విషయం. క్యూటికిల్‌కు, కింది కణ గోడలకు ఋణావేశం ఉంటుంది. మనం వాడే ద్రావణాలన్నిటిలోనూ, పీహెచ్ 3 దాటితే చాలు, ఇది నిజం. కాబట్టి జింకు, కాల్షియం లాంటి ధనావేశ అయాన్లను ఆ గోడలు లాగుతాయి, ఫాస్ఫేట్ లాంటివాటిని తోస్తాయి. లాగడం మంచిదే కానీ పట్టుకుని వదలకపోవడమూ ఉంటుంది. లోపలికి చేరిన జింకులో కొంత కణ గోడల్లోనే అంటుకుని ఉండిపోతుంది.

ఇప్పుడు మీరు చదివిన పత్రరంధ్రాల విషయానికి వస్తాను. దీని మీద చాలా అపోహ ఉంది. రంధ్రం తెరిచి ఉంటే నీళ్ళు దానిలోకి కారిపోతాయని మనకు అనిపిస్తుంది. కానీ నీటి తలతన్యత, అంటే చుక్కను గుండ్రంగా పట్టి ఉంచే బలం, మీటరుకు సుమారు 72 మిల్లీన్యూటన్లు. రంధ్రం ఆకారం, దాని అంచున ఉన్న మైనం కలిసి ఆ బిందువును బయటే ఆపేస్తాయి. షోన్‌హెర్, బుకోవాక్ 1972లో దీన్ని జాగ్రత్తగా కొలిచి, తలతన్యత 30 కంటే తక్కువకు దిగితే తప్ప ద్రవం తనంతట తాను రంధ్రంలోకి ప్రవహించదని తేల్చారు. మామూలు సబ్బు నురగ, మామూలు స్ప్రెడర్లు (చుక్క ఆకు మీద పరుచుకోవడానికి కలిపే మందులు) అంత కిందికి తేలేవు. సిలికాన్ స్ప్రెడర్లు మాత్రమే దాన్ని 20 చుట్టుపక్కలకు తెస్తాయి. అప్పుడు నిజంగానే ద్రవం రంధ్రాల్లోంచి లోపలికి ముంచెత్తుతుంది, నీళ్ళలో నానినట్టు ఆకు ముదురు రంగుకు మారుతుంది.

అంటే రంధ్రాలకు పాత్రే లేదా? ఉంది, కానీ వేరే రకంగా. రంధ్రం గోడల వెంట పలుచని నీటి పొర ఏర్పడి, బయటి చుక్కను లోపలి తడితో కలుపుతుంది. ఆ పొర వెంట అయాన్లు మెల్లగా జరుగుతాయి. 2008లో వచ్చిన ఒక పరిశోధనలో 43 నానోమీటర్ల రేణువులు ఈ దారిన లోపలికి పోయాయి, 1.1 మైక్రాన్ల రేణువులు పోలేదు. క్యూటికిల్‌లోని నీటి దారుల కంటే ఇది ఎంతో వెడల్పైన దారి అన్నమాట. కాకపోతే ఆకు మీదున్న రంధ్రాల్లో కొన్నిటిలోనే ఈ నీటి పొర ఏర్పడుతుంది, అదీ తడి ఉన్నప్పుడే.

మీ విషయంలో దీనికి మరో రెండు చిక్కులు తోడయ్యాయి. నిమ్మజాతి ఆకుల్లో పత్రరంధ్రాలు దాదాపు అన్నీ అడుగు వైపునే ఉంటాయి. మీరు పైనుంచి కొట్టారు. పై వైపున మందమైన మైనం, రంధ్రాల్లేని నున్నటి పొర. రెండోది, మంచి ఎండలో గాలి పొడిగా ఉన్నప్పుడు నిమ్మజాతి చెట్లు నీటిని కాపాడుకోవడానికి మధ్యాహ్నం పూట రంధ్రాలను చాలావరకు మూసేసుకుంటాయి. వెలుతురులో తెరుచుకుంటాయన్న మాట తప్పు కాదు. ఉదయం పది లోపు అది నిజం. నడినెత్తిన సూర్యుడున్నప్పుడు నిజం కాకపోవచ్చు. తెరిచి ఉన్న రంధ్రాల కోసమే మీరు మధ్యాహ్నాన్ని ఎంచుకున్నారు, కానీ మీరు తడిపిన వైపున రంధ్రాలు లేవు, ఉన్న వైపున బహుశా మూసుకుని ఉన్నాయి. ఇది మీ తప్పని నేను అనను. చాలా కరపత్రాల్లో ఈ సగం మాటే ఉంటుంది.

ఇక అసలు సంగతి, తడి. స్ప్రే చేసిన చుక్క ఆరుతున్నకొద్దీ దానిలోని ఉప్పు గాఢత పెరుగుతుంది. గాఢత పెరిగితే లోపలికి తోసే బలమూ పెరుగుతుంది, కాబట్టి చుక్క మెల్లగా ఆరితే అది మంచి సమయమే. కానీ ఒక దశ దాటాక ఉప్పు స్ఫటికమై గట్టిపడుతుంది, అక్కడితో ప్రయాణం ఆగుతుంది. మళ్ళీ గాలిలో తేమ పెరిగినప్పుడు ఆ స్ఫటికం తేమను లాక్కుని కరిగితే ప్రయాణం మళ్ళీ మొదలవుతుంది. ఏ ఉప్పు ఎంత తేమ దగ్గర తనంతట తాను కరుగుతుందన్నది ఆ ఉప్పు స్వభావం. కాల్షియం క్లోరైడ్ గాలిలో తేమ 33 శాతం చుట్టుపక్కల ఉన్నా చెమ్మగిల్లి ఉంటుంది. కాల్షియం నైట్రేట్‌కు 50 శాతం పైన కావాలి. యూరియాకు సుమారు 75. జింక్ సల్ఫేట్‌కు 90 దగ్గర. పొటాషియం నైట్రేట్‌కు 90 దాటాలి, పొటాషియం సల్ఫేట్ అయితే 97 దాకా రావాలి, అంటే దాదాపు మంచు కురిసే పరిస్థితి.

ఈ అంకెల్ని చూస్తే మీ ఆకుల మీది తెల్లటి మచ్చలు ఎందుకు కదలట్లేదో అర్థమవుతుంది. పగటి పొడి గాలిలో జింక్ సల్ఫేట్ రాయిలా కూర్చుంటుంది. రాత్రి మంచు పడితే కొంత కరుగుతుంది, తెల్లవారితే మళ్ళీ గట్టిపడుతుంది. ఆ రాత్రి గంటల్లో మీకు తెలియకుండానే కొంత జింకు లోపలికి పోయి ఉండవచ్చు కూడా. నా దృష్టిలో ఆకుల మీద స్ప్రే చేసేవాళ్ళు మందు పేరు కంటే ముందు తెలుసుకోవలసింది ఆ రోజు గాలిలో తేమ ఎంతుందన్నదే. ఫోన్‌లో వాతావరణం చూసేటప్పుడు వాన ఒక్కటే చూస్తాం. దాని పక్కనే తేమ శాతం కూడా ఉంటుంది.

సాయంత్రం ఎండ వాలాక కొట్టమని పెద్దలు చెప్పేది ఇందుకే. చుక్క మెల్లగా ఆరుతుంది, ఆరినా రాత్రి తేమకు మళ్ళీ కరుగుతుంది. రాత్రి రంధ్రాలు మూసుకుంటాయి కదా అంటే, మూసుకున్నా రక్షక కణాల మీది క్యూటికిల్ దారులు పనిచేస్తూనే ఉంటాయి. పొడి మధ్యాహ్నం తెరిచి ఉన్న రంధ్రం కంటే తడి రాత్రి మూసి ఉన్న రంధ్రం మనకు ఎక్కువ పనికొస్తుంది. ఉదయం మంచు ఇంకా ఉండగా కొట్టడమూ మంచిదే, అయితే ఆకు నిండా మంచు కారుతూ ఉంటే మందు కూడా దానితోపాటు జారిపోతుంది. తెగులు మందులకు మాత్రం రాత్రంతా ఆకు తడిగా ఉంచడం ఒక్కోసారి తెగులుకే మేలు చేస్తుంది, అది మరో చర్చ.

చుక్క ఆకును అంటుకోవడం దీనికి ముందు మెట్టు. తామరాకు మీద నీటిబొట్టు అంటాం కదా, ఆ ఆకు మీద సన్నని బుడిపెలు, వాటి మీద మైనం స్ఫటికాలు ఉండి బొట్టు గుండ్రంగా నిలిచి దొర్లిపోతుంది. క్యాబేజీ, ఉల్లి ఆకులూ కొంతవరకు అంతే. వాటి మీద స్ప్రెడర్ లేకుండా కొడితే సగం మందు నేల పాలు. నిమ్మ ఆకు అంత మొండిది కాదు, అయినా నున్నగా ఉంటుంది. మీరే చూడండి, ఒక ఆకు కోసి అడ్డంగా పట్టుకుని, ఉత్త నీళ్ళ చుక్క ఒకటి, స్ప్రెడర్ కలిపిన చుక్క ఒకటి పక్కపక్కన పెట్టండి. రెండోది బాగా పరుచుకుంటే స్ప్రెడర్ కలపడం దండగ కాదు. అయితే ఎక్కువ వేస్తే మంచిదనుకోవద్దు. మోతాదు మించితే ద్రావణం పలుచనై ఆకు అంచుకు జారి కొన దగ్గర పోగవుతుంది, ఆరేటప్పుడు ఆ కొనలోనే ఉప్పంతా గడ్డకడుతుంది. కొన మాడుతుంది. పైగా బాగా పలుచగా పరుచుకున్న నీరు తొందరగా ఆరుతుంది కూడా. బట్టల సోడా పొడులు వాడేవాళ్ళను చూశాను. వాటిలోని క్షారం జింకును, ఇనుమును గడ్డకట్టించేస్తుంది. వాటి జోలికి వెళ్ళొద్దు.

మాడిన కొనల గురించి అడిగారు కాబట్టి అక్కడ కొంచెం ఆగుతాను. స్ప్రే చేసిన రెండు మూడు రోజుల్లోనే గోధుమరంగుకు తిరిగి ఎండిన కొన అంటే ఉప్పు దెబ్బ. ఎండకు గాఢత ఒక్కసారిగా పెరిగి, అక్కడి కణాల్లోని నీటిని ఉప్పు బయటికి లాగేసింది. జింక్ సల్ఫేట్ ద్రావణం కొంచెం ఆమ్లంగా ఉండటం దానికి తోడు. అందుకే పాత పద్ధతిలో లీటరుకు 5 గ్రాముల జింక్ సల్ఫేట్‌కు 2.5 గ్రాముల తడి సున్నం కలుపుతారు. సున్నం ఆ ఆమ్లత్వాన్ని చంపుతుంది, జింకులో చాలా భాగాన్ని మెల్లగా కరిగే రూపంలోకి మారుస్తుంది. లోపలికి పోయే వేగం కొంత తగ్గుతుంది, ఆకు మాత్రం మాడదు. మీరు సున్నం కలిపినట్టు రాయలేదు.

యూరియా వల్ల వచ్చే దెబ్బ వేరుగా ఉంటుంది. యూరియా తయారీలో బైయురెట్ అనే పదార్థం కొద్దిగా ఏర్పడుతుంది. నిమ్మజాతి చెట్లు దీనికి చాలా సున్నితం. లోపలికి పోయిన బైయురెట్‌ను ఆ ఆకు విరగ్గొట్టుకోలేదు. కొన్ని వారాలకు కొనల నుంచి మొదలై పసుపు పడుతుంది, ఆ పసుపు మళ్ళీ పచ్చబడదు. మామూలు ఎరువు యూరియాలో బైయురెట్ ఒక శాతం వరకు, ఒక్కోసారి అంతకు మించి ఉంటుంది. ఆకు మీద కొట్టేదానిలో, ముఖ్యంగా నిమ్మజాతికి, 0.25 శాతం కంటే తక్కువ ఉండాలి. సంచి మీద ఆ అంకె వెతకండి. లేకపోతే నిమ్మకు ఆ యూరియా నేలలో వేయండి, ఆకు మీద వద్దు.

మీకు అసలు యూరియా స్ప్రే అవసరమా అన్నదీ లెక్క వేసి చూద్దాం. ఒక చెట్టుకు 5 లీటర్ల ద్రావణం పట్టిందనుకోండి. అందులో 50 గ్రాముల యూరియా, అంటే 23 గ్రాముల నత్రజని. కాపు కాసే చెట్టుకు ఏడాదికి కావలసినది కొన్ని వందల గ్రాములు. మొత్తం పీల్చినా చిన్న సాయమే. ఇప్పుడు జింకు చూడండి. 5 లీటర్లలో 25 గ్రాముల జింక్ సల్ఫేట్, అందులో సుమారు 21 శాతం జింకు, అంటే 5 గ్రాములు. చెట్టు మీదున్న ఆకులన్నీ ఎండబెడితే 10 కిలోలు అనుకుందాం. ఆరోగ్యంగా ఉన్న నిమ్మజాతి ఆకులో జింకు కిలోకు 25 మిల్లీగ్రాములుంటే చాలు, అంటే చెట్టు మొత్తం ఆకుల్లో ఉండవలసినది 250 మిల్లీగ్రాములు. మీరు కొట్టినదాంట్లో నూటికి ఐదు వంతులు లోపలికి పోయినా సరిపోతుంది! సూక్ష్మపోషకాలకు ఆకు స్ప్రే బాగా పనికొచ్చేదీ, నత్రజని, పొటాష్ లాంటివాటికి నేల ఎరువుకు బదులు కాలేనిదీ ఇందుకే. పీల్చే శాతం ఎంత తక్కువైనా, అవసరం అంతకంటే తక్కువ.

లోపలికి పోయాక ఏమవుతుందన్నది చాలామంది మరిచిపోయే భాగం. నత్రజని, పొటాషియం, భాస్వరం, మెగ్నీషియం ఆకులోంచి పోషక కణజాలం (ఆకులో తయారైన ఆహారాన్ని మోసే నాళాలు) ద్వారా కొత్త చిగుళ్ళకూ కాయలకూ సులువుగా వెళ్తాయి. జింకు, ఇనుము అంతగా కదలవు. కాల్షియం అయితే దాదాపు కదలదు. అందుకే ఆపిల్‌లో కాల్షియం లోపం వల్ల కాయ మీద గుంటలు పడుతుంటే ఆకులకు కొట్టి లాభం లేదు, కాయ తడిసేలా కొట్టాలి. బోరాన్ విచిత్రమైనది. ఆపిల్, బాదం లాంటి చెట్లలో అది చక్కెర ఆల్కహాళ్ళతో జతకట్టి కదులుతుంది, చాలా ఇతర పంటల్లో కొట్టిన ఆకులోనే ఆగిపోతుంది. మీ నిమ్మచెట్టు ముదురాకులకు కొట్టిన జింకు రేపు వచ్చే చిగురుకు పెద్దగా అందదు. చిగురు వచ్చాక చిగురుకే కొట్టాలి.

పురుగుమందుల్లోనూ ఇదే తేడా. ఇమిడాక్లోప్రిడ్ లాంటివి దారువు (వేరు నుంచి నీటిని మోసే నాళాలు) వెంట, నీరు పోయే దిక్కున ఆకు కొన వైపు కదులుతాయి. కొట్టిన తర్వాత పుట్టిన ఆకుకు అవి పెద్దగా చేరవు. గ్లైఫోసేట్ అనే కలుపుమందు పోషక కణజాలం వెంట వేరు దాకా దిగుతుంది, అందుకే దుంపలున్న కలుపు చస్తుంది. అయితే గ్లైఫోసేట్‌ను కలిపే నీరు గట్టిగా, అంటే కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉంటే ఆ అయాన్లు దాన్ని పట్టుకుని లోపలికి పోకుండా చేస్తాయి. అమ్మోనియం సల్ఫేట్ ముందుగా నీటిలో కలపమనేది అందుకే. బురదనీళ్ళూ పనికిరావు, మట్టి రేణువులు దాన్ని అంటిపెట్టుకుంటాయి.

ఇంకొక ముఖ్యమైన జాగ్రత్త. ఇప్పుడు ఆకుల్ని కోసి పరీక్షకు పంపితే జింకు చాలా ఎక్కువుందని రిపోర్ట్ వస్తుంది. అది ఆకు పైన అంటుకుని ఉన్న పొడి లెక్క, ఆకు లోపలిది కాదు. కడిగినా పూర్తిగా పోదు. పరీక్ష అవసరమైతే స్ప్రే తగలని ఆకులతోనే చేయించండి.

ఆరు రోజుల్లో మార్పు లేదని టెన్షన్ పడకండి. జింకు అందిన ఆకు పచ్చబడటానికి రెండు మూడు వారాలు పడుతుంది. చిన్నగా పుట్టి ముదిరిపోయిన ఆకు పెద్దదవ్వడం మాత్రం జరగదు. మాడిన కొనలు తిరిగి రావు, వాటిని కత్తిరించనక్కర్లేదు. మళ్ళీ అదే ముదురాకుల మీద ఇప్పుడే కొట్టొద్దు, ఉన్న ఉప్పు మీద ఇంకా ఉప్పు పడుతుంది.

వచ్చే చిగురు కోసం ఆగండి. చిగురాకు పూర్తి సైజులో మూడింట రెండు వంతులకు వచ్చి, ఇంకా మెత్తగా ఉన్నప్పుడు దాని మైనం పూర్తిగా పేరుకోదు, కానీ కొట్టినది పట్టేంత వెడల్పుంటుంది. లీటరుకు 5 గ్రాముల జింక్ సల్ఫేట్‌ను విడిగా కరిగించండి, 2.5 గ్రాముల సున్నాన్ని విడిగా కలిపి గుడ్డలో వడకట్టండి, తర్వాత రెండూ కలపండి. స్ప్రెడర్ లేబుల్ మీదున్న మోతాదులోనే. యూరియా ఈసారి వదిలేయండి, ఏది పనిచేసిందో తెలుస్తుంది. గాలి లేని సాయంత్రం, సన్నని తుంపరతో, నాజిల్‌ను కింది నుంచి పైకి తిప్పి ఆకు అడుగులు తడిసేలా, కారిపోకముందే ఆపుతూ కొట్టండి. చెట్టంతా కొట్టేముందు ఒక కొమ్మకు కొట్టి నాలుగు రోజులు చూడండి.

అప్పటిదాకా ఆకుల మీదున్న తెల్లటి పొడిని వృథాగా పోనివ్వక్కర్లేదు. అందులో మీ జింకే ఉంది, దానికి లేనిది తడి ఒక్కటే. ఒక చెట్టు మీద, కొనలు మాడని కొమ్మల్లో, సూర్యుడు దిగాక మంచినీళ్ళను మంచులా పలుచగా, కారకుండా కొట్టి చూడండి. రెండు మూడు సాయంత్రాలు అలా చేసి, పక్క చెట్టును ముట్టుకోకుండా వదిలేయండి. మూడు వారాల తర్వాత రెండు చెట్ల లేతాకుల ఫోటోలు పక్కపక్కన పెట్టి పంపితే, ఏమైందో కలిసి చూద్దాం.